పెద్దమ్మ ట్యాబ్‌కి సాయం చేసిన అందరికీ

పోయిన ఆదివారం పొద్దున "పెద్దమ్మ కొత్త ట్యాబ్‌లో అకౌంట్ తెరుచుకోవడం లేదు, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి" అని రాశాను. గంటలోపే అంతమంది పలుకుతారనుకోలేదు. పని అయింది. పెద్దమ్మ చదువుకుంటోంది. ఎవరి వల్ల ఏం జరిగిందో చెప్పకుండా ఉత్తి థాంక్స్ అనేస్తే నా మనసు ఒప్పుకోదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా పెద్దమ్మకు 78 ఏళ్లు. నల్లకుంటలో ఉంటుంది. సర్కారు హైస్కూల్లో తెలుగు టీచర్‌గా చేసి రిటైరైంది. ఆ తర్వాత కూడా వారానికి రెండుసార్లు చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి వచ్చేది. రెండేళ్ల నుంచి కంట్లో మాక్యులా, అంటే సూటి చూపునిచ్చే రెటీనా మధ్యభాగం, దెబ్బతింది. పక్కనున్న గోడ, తలుపు కనిపిస్తాయి కానీ సూటిగా చూసిన చోట మసక. భూతద్దం పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కునేది. ఈ మధ్య భూతద్దం కూడా బీరువాలోకి వెళ్లిపోయింది. అది చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ సీటీసీకి వెళ్లి 11 అంగుళాల ట్యాబ్ కొన్నాను.

డబ్బా ఆమె చేతే తెరిపించాను. లోపల ట్యాబ్, టైప్-సి కేబుల్, సిమ్ ట్రే పిన్ను ఉన్నాయి. వైఫై దాకా సాఫీగానే సాగింది. అకౌంట్ దగ్గర ఆగిపోయాం. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తు లేదు. ఓటీపీ పోయేది పెదనాన్న నంబరుకి. ఆయన పోయాక ఆ సిమ్ వాడక ఎప్పుడో ఆగిపోయింది. కొత్త అకౌంట్ తెరవడం ఎంతసేపు, కానీ ఆయన తీసిన ఫోటోలన్నీ పాత దాంట్లోనే ఉన్నాయి. పెద్దమ్మ "పోనీలేరా" అంది గానీ ఆ మాట అన్న తీరు నాకు తెలుసు.

అప్పుడు విజయవాడ నుంచి నా డిగ్రీ ఫ్రెండ్ ఫోన్ చేశాడు. "పాత ఫోన్ ఉందా? ఉంటే దాన్ని రీసెట్ మాత్రం చేయకు. అకౌంట్ అందులో ఇంకా తెరిచే ఉంటుంది. మీ ఇంటి వైఫైకి కలిపి, అక్కడి నుంచే ప్రయత్నించు. ఎప్పుడూ వాడే ఫోన్, ఎప్పుడూ వాడే చోటు అయితే అడుగుతున్నది మనమేనని నమ్ముతుంది" అన్నాడు. ఆ ఫోన్‌ని రీసెట్ చేసి ఎవరికైనా ఇచ్చేద్దామని వారం కిందటే అనుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది.

బీరువాలో ఫోన్ దొరికింది, చార్జింగ్ లేదు. దానికి పాత మైక్రో యూఎస్‌బీ కేబుల్ కావాలి. సందు చివర జిరాక్స్ షాపాయన షట్టర్ సగం దించి భోజనానికి వెళ్తున్నవాడల్లా వెనక్కి వచ్చి, సొరుగులన్నీ వెతికి తన సొంత కేబుల్ ఇచ్చాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. అరగంటకి ఫోన్ వెలిగింది. ట్యాబ్ మీద ఒక అంకె చూపించింది, పాత ఫోన్‌లో అదే అంకె నొక్కాలి. పెద్దమ్మే నొక్కింది. కాసేపటికి పెదనాన్న తీసిన ఫోటోలు ఒక్కొక్కటే రావడం మొదలైంది. మేమిద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

ఇక పై పోర్షన్ అమ్మాయి. ఇంటర్ సెకండియర్, పరీక్షల టెన్షన్‌లో ఉండి కూడా మూడు సాయంత్రాలు కిందికి వచ్చి కూర్చుంది. ట్యాబ్‌ను ఎప్పుడూ తన చేతిలోకి తీసుకోలేదు, పెద్దమ్మ ఒళ్లోనే ఉంచింది. నేనైతే గబగబా నేనే చేసి చూపించేవాణ్ణి. పెద్దమ్మ కాలింగ్ బెల్ నొక్కినట్టు గట్టిగా నొక్కి పట్టుకుంటుంది, దాంతో ఐకాన్లు కదిలి చెల్లాచెదురయ్యేవి. "నేను ముట్టుకుంటే పారిపోతున్నాయే తల్లీ" అంటే, ఆ అమ్మాయి "తప్పు మీది కాదమ్మమ్మా" అని సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి, నొక్కి పట్టుకునే సమయాన్ని 'లాంగ్'కి మార్పించింది. అంత చిన్న మార్పు చాలు, ఐకాన్లు కుదురుకున్నాయి. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పెట్టించింది, మూడుసార్లు తడితే తెర పెద్దదయ్యేలా చేయించింది.

పేపర్ల ఈ-పేపర్ పేజీ మొత్తం ఒక బొమ్మ అని కూడా తనే చెప్పింది. సెట్టింగ్స్‌లో అక్షరం ఎంత పెంచినా అందులో పెరగదు. వేళ్లతో సాగదీస్తే లైను తెర దాటి పోతుంది, ప్రతి లైనుకీ పక్కకు జరుపుకోవాలి. అదే టైపు చేసిన పాఠమైతే అక్షరం పెరిగినకొద్దీ లైను తనంతట తనే సర్దుకుంటుంది. కింద ఒత్తులు, పైన గుళ్లు ఉండే మన లిపికి ఇది ఎంత ముఖ్యమో అప్పుడు అర్థమైంది. అందుకే పాత పుస్తకాలు ఉచితంగా చదువుకునే తెలుగు వికీసోర్స్ సైట్ తెరిచి పెట్టింది. అక్కడ పాత పుస్తకాల స్కాన్ పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం టైపు చేసి దిద్దేవాళ్లు ఉన్నారు. జీతం లేదు, పేరు కూడా ఎవరికీ తెలియదు. మీలో ఎవరైనా ఇది చదువుతుంటే, మీ చేతులకు నా దండం.

బుధవారం రాత్రి పెద్దమ్మ మొదటి పేజీ పైకి చదివింది. ఒక మాట దగ్గర ఆగి, వేలు ఆనించి చూసి, "ఇది 'ప' కాదురా, 'ష'. పొట్టలో గీత కనిపిస్తోంది" అంది. తర్వాత నలభై నిమిషాలు ఆపలేదు. గ్లాసులో టీ చల్లారిపోయింది.

సలహాలు రాసిన వాళ్లందరికీ, వరంగల్ నుంచి రెండుసార్లు ఫోన్ చేసి కనుక్కున్న అక్కకీ పేరుపేరునా కృతజ్ఞతలు. పై పోర్షన్ అమ్మాయి కోసం పెద్దమ్మ సున్నుండలు చుట్టి డబ్బాలో పెట్టింది. జిరాక్స్ షాపాయన కేబుల్ ఇంకా నా దగ్గరే ఉంది, ఈ ఆదివారం తెచ్చి ఇస్తాను.