ఆరింటి గంట ఆగదు

అమ్ములూ,

వారాంతపు రేడియో స్పోర్ట్స్ షో చేతికొచ్చిందని గొంతు గురించి బెంగ పెట్టుకున్నావు. గొంతు దానంతటదే కుదురుతుంది. డబ్లిన్‌లో ఈ పనిలో పరువు తీసేవి లెక్కలు: స్కోరు, సెకన్లు.

హర్లింగ్ అంటే కర్రలతో బంతి కొట్టే ఐరిష్ ఆట, అందులో గోల్‌కు మూడు పాయింట్లు. స్కోరులో ముందు అంకె గోల్స్, వెనకది పాయింట్లు. ఒకరిది 1-18, ఇంకొకరిది 3-11 అనుకో. మూడు గోల్స్ వాళ్లే ముందున్నారని నోరు జారుతుంది. కూడితే 21, 20. ముందున్నది ఒక్క గోల్ వాళ్లు! అందుకే స్కోరు చదవగానే ఎవరు ఎంత ముందున్నారో కూడా చెప్పు, కారులో అప్పుడే రేడియో పెట్టినవాడికి కావలసింది అదే. ఐరిష్ వాళ్ల ఫుట్‌బాల్ అయిన గేలిక్ ఫుట్‌బాల్‌లోనైతే 2025 నుంచి గోల్‌కు 40 మీటర్ల దూరంలో గీసిన వంపు గీత (ఆర్క్) అవతలి నుంచి కొట్టి గోల్ పైకడ్డీ మీదుగా పంపితే రెండు పాయింట్లు. స్కోరు షీటు మీద వాటి చుట్టూ సున్నా చుట్టు. మామూలు గీత గీశావంటే ఆట అయ్యేదాకా నీ లెక్క ఒకటి తక్కువే.

రన్నింగ్ ఆర్డర్‌ను, అంటే షోలో ఏది ఎప్పుడో రాసుకున్న వరసను, కిందినుంచి పైకి లెక్కేసుకో. ఐర్లండ్ జాతీయ రేడియో ఆర్‌టీఈ రేడియో వన్‌లో సాయంత్రం ఆరింటికి ఆంజెలస్ అనే ప్రార్థన గంట మోగుతుంది, ఎవరి కోసమూ ఆగదు. షో చివరి ట్యూన్‌కు 30 సెకన్లు, నీ ముగింపు మాటకు 20 తీసేస్తే 5:59:10కి అతిథి ఆపాలి. చివరి ప్రశ్న 5:58:30కే వెయ్యి, అదీ ఒక్క ముక్కలో తేలేది. "ఈ సీజన్ ఎలా సాగింది" అని అడిగావో, చచ్చావే.

1947లో న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో కవాన్, కెర్రీ కౌంటీల గేలిక్ ఫుట్‌బాల్ ఫైనల్. ఆట ఇంకా నడుస్తుండగానే ప్రసారానికి తీసుకున్న లైన్ గడువు దగ్గరపడింది. కామెంటేటర్ మీహాల్ ఓ హెహిర్ ప్రసారంలోనే ఇంకో ఐదు నిమిషాలు ఉంచమని బతిమాలాడు. ఉంచారు, కవాన్ 2-11, 2-7తో గెలిచింది. ఆయనకు చెల్లిందది, నువ్వు నమ్ముకోకు.

గ్రౌండ్‌లో ఉన్న రిపోర్టర్‌కు నీ మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది. ప్రశ్న చివర అతని పేరు పెట్టి ఆగిపో, నిశ్శబ్దం చూసి కంగారుపడి మళ్లీ మొదలెడితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు. మూడు సెకన్లైనా పలక్కపోతే "హలో, హలో" వద్దు. స్కోరు చెప్పి పక్క గ్రౌండ్‌కు వెళ్లిపో.

జీతం సంగతి: 1949 నుంచి 2010 దాకా కామెంటరీ చెప్పిన మీహాల్ ఓ మురహర్తి అంతటివాడే 1980ల దాకా బడిపంతులు ఉద్యోగం వదల్లేదు. నీ ఉద్యోగం నువ్వూ వదలకు.

ఇక పేర్లు. ఐరిష్ స్పెల్లింగ్ చూసి చదివితే దొరికిపోతావు. నీవ్, టైగ్, షివాన్ అని షీటు మీద తెలుగులో రాసుకో, పలికినట్టే రాసే లిపి మనది. ఊరి పేరు మీద అనుమానముంటే ఆ ఊరి క్లబ్ సెక్రటరీకి పొద్దున్నే ఫోన్ చెయ్యి. మధ్యాహ్నమైతే ఆయన గ్రౌండ్‌లో ఉంటాడు, ఎత్తడు.

నాన్న