కాలిన మోటారుతో పాటు స్టార్టర్ కూడా తీసుకురండి

కస్టమర్లందరికీ నమస్కారం. రీవైండింగ్‌కి (కాలిన తీగ తీసి కొత్తది చుట్టడానికి) ఇచ్చిన మోటారు చేతికి రావడానికి ఈమధ్య ఎందుకింత ఆలస్యమని చాలామంది అడుగుతున్నారు. నిజమే, ఆలస్యమవుతోంది. ఇకముందు కూడా ఇంతే సమయం పడుతుంది. కారణం మీకు తెలియాలి.

మోటారు విప్పగానే పాత తీగ కోసెయ్యడం మానేశాం. ముందు వైండింగ్‌ని, అంటే లోపల చుట్టిన తీగ చుట్టల్ని (కాయిల్స్‌ని), పరీక్షగా చూసి ఫొటో తీస్తున్నాం. ఎలా కాలిందో చూస్తే ఎందుకు కాలిందో చాలావరకు తెలిసిపోతుంది. కాయిల్స్ అన్నీ ఒకే తీరుగా నల్లబడితే లోడ్ ఎక్కువైందనో, వోల్టేజీ పడిపోయిందనో, గాలి ఆడలేదనో అనుమానించాలి. కొన్ని కాయిల్స్ మాడి బొగ్గయి, పక్కవి ఎర్రగా మెరుస్తుంటే, మూడు ఫేజుల (కరెంటు లైన్ల) సప్లైలో ఒక ఫేజ్ పోయినా మోటారు నడుస్తూనే ఉందన్నమాట. మూడు ఫేజుల కాయిల్స్‌ని కలిపే పద్ధతులు రెండు: స్టార్, డెల్టా. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజుల కాయిల్స్ కాలి ఒకటి మిగులుతుంది. డెల్టాలో ఒకటే కాలి రెండు మిగులుతాయి. ఎక్కడో ఒక్కచోటే తీగ కరిగి మిగతాదంతా బాగుంటే, తీగ మీది ఎనామిల్ పూత దెబ్బతిని చుట్ల మధ్య షార్ట్ అయినట్టు.

ఫేజ్ పోయి కాలిన మోటారుకి ఎంత మంచి వైండింగ్ చేసినా, స్టార్టర్‌లో పాడైన కాంటాక్ట్ అలాగే ఉంటే మళ్లీ కాలుతుంది. అందుకే స్టార్టర్ కూడా తెమ్మంటున్నాం. వచ్చే స్టార్టర్లలో ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువైతే మోటారుని ఆపేది) తరచూ ఎక్కువ ఆంపియర్లకి తిప్పేసి ఉంటుంది. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఎవరో ఒకరు తిప్పేస్తారు. దయచేసి అలా చేయకండి. మోటారు నేమ్‌ప్లేట్ (వివరాలున్న రేకు) మీదున్న ఆంపియర్లకే సెట్ చేయాలి. మోటారుని ముందు స్టార్‌లో మొదలుపెట్టి తర్వాత డెల్టాకి మార్చే స్టార్-డెల్టా స్టార్టర్‌లో రిలే వైండింగ్ వైపు ఉంటే అందులో 0.58 వంతుకే పెట్టాలి. అంటే 20 ఆంపియర్ల మోటారుకి 11.6. అక్కడ కూడా 20 పెడితే మోటారుకి రక్షణ లేనట్టే.

పాత వైండింగ్‌ని మంట పెట్టి కాల్చి లాగేస్తే పని త్వరగా అవుతుంది. కానీ ఆ వేడికి కోర్‌లోని (తీగ చుట్టే ఇనుప భాగంలోని) స్టాంపింగుల, అంటే పలచటి రేకుల, మధ్య ఉండే సన్నటి ఇన్సులేషన్ పొర పోతుంది. తర్వాత ఎంత బాగా చుట్టినా కోర్ వేడెక్కుతూనే ఉంటుంది, ఖాళీగా తిరిగినా కరెంటు వృథా అవుతుంది. మేం వేడిని అదుపులో పెట్టి నిదానంగా తీస్తాం. చుట్టిన తీగలు కదలకుండా పోసి ఓవెన్‌లో ఆరబెట్టే వార్నిష్ విషయమూ అంతే. పైకి ఆరినట్టు కనిపించినా స్లాట్ (తీగ కూర్చే గాడి) లోపల పచ్చిగానే ఉంటుంది. మోటారుని నేరుగా ఆన్ చేసిన ప్రతిసారీ మామూలు కరెంటుకి 5 నుంచి 7 రెట్లు లాగుతుంది. వార్నిష్ గట్టిపడకపోతే ఆ కుదుపుకి తీగలు కదిలి ఒకదానికొకటి రాసుకుంటాయి. "రేపే కావాలి" అని మీరంటే మాకూ టెన్షనే, కానీ ఓవెన్‌లోంచి ముందుగా మాత్రం తీయం.

కాపర్ ఉన్నచోట అల్యూమినియం చుట్టమంటే కూడా చుట్టం. దాని రెసిస్టెన్స్ కాపర్ కంటే సుమారు 1.6 రెట్లు, అందుకే ఇంకా లావు తీగ కావాలి, అంత లావు తీగ అదే స్లాట్‌లో పట్టదు. మోటారు వేడెక్కుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగిందంటే ఇన్సులేషన్ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది.

ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నవారు బ్రీదర్‌ని (లోపలికి వెళ్లే గాలిలోని తేమని సిలికా జెల్ గుళికలతో పీల్చే డబ్బాని) దూరం నుంచే గమనించండి. నీలం సిలికా జెల్ గులాబీ రంగుకి మారితే అది ఇక తేమ పీల్చలేదు. ఆ తేమ ఆయిల్‌లో చేరుతుంది. సప్లై ఆపించి మార్పించండి.

మోటారు విప్పే ముందు టెర్మినల్ బాక్స్‌లో లింకులు ఎలా ఉన్నాయో ఫొటో తీసుకోండి. నేమ్‌ప్లేట్ మీద రంగు వేయకండి. రిలే ఏ నంబర్ మీద ఉంటే అలాగే, కదపకుండా తెండి. తిరిగి ఇచ్చేటప్పుడు మెగ్గర్ రీడింగూ (ఇన్సులేషన్ ఎంత బాగుందో చూపే కొలత), మూడు ఫేజుల నో-లోడ్ కరెంటూ (మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు లాగేది) రాసిన కాగితం ఇస్తాం. దాన్ని జాగ్రత్తగా దాచండి. తర్వాత ఏ తేడా వచ్చినా ఆ అంకెలతోనే పోల్చి చూస్తాం.