ప్రొక్లెయినర్‌తో కూల్చి, పాత సామాను వాడమంటే ఎలా?

సంపాదకుల గారికి,

పది రోజుల కిందట మీ ఆదివారం అనుబంధంలో పాత సామానుతో కొత్త ఇల్లంటూ రెండు పేజీలు వేశారు. బొమ్మలకేం, భేషుగ్గా ఉన్నాయి. పాత తలుపు మీద అద్దం పరిచి డైనింగ్ టేబుల్, ఖాళీ సీసాల గోడ, ఖర్చు సగానికి సగం మిగులు! ఆ సగం లెక్క ఎవరిచ్చారో గానీ ఒక్క మేస్త్రినడిగినా తేలిపోయేది. సామాను చవకే. దాన్ని విప్పి, గీకి, వానకు తడవకుండా దాచి, కొలతకు సర్దే కూలి మాత్రం చవక కాదు.

ఇలాంటి ఇంటికి సామాను ముందు, ప్లాను తర్వాత. ఈ ముక్క వ్యాసంలో ఎక్కడా లేదు. ఏడడుగుల గుమ్మం గీసుకుని బజారుకెళితే ఆరడుగుల చౌకట్లే ఎదురవుతాయి. దొరికినదాన్ని కొలిచి, పైన వెంటిలేటర్‌కు చోటు వదిలి గీయించుకోవాలి. ఎవరో వద్దనుకున్న టఫెన్డ్ గ్లాసు చవగ్గా వస్తుంది, కానీ దాన్ని కోయలేం, బెజ్జం పెట్టలేం. ప్రయత్నిస్తే పలుకులై రాలిపోతుంది. అద్దాన్ని బట్టే కిటికీ కట్టాలి. మిగులు టైల్స్ పెట్టెల మీద బ్యాచ్, షేడు నంబర్లు కలవకపోతే ఒకే గదిలో వేయకూడదు.

బర్మా టేకు దూలాల్లో విరిగిన మేకులు లోపలే ఉండిపోతాయి. ఒక్కటి మిగిలినా రంపం పళ్లు పోతాయి. పాత కర్ర అనగానే కోత మిల్లువాళ్లు వద్దనేది అందుకే. అయస్కాంతం పెట్టి జానెడు జానెడు వెతికి లాగేయాలి. గోడలో దిగిన కొసల్ని, నేలకు తగిలిన చౌకట్ కాళ్లను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. దిగబడిందంటే చెదో పుచ్చో ఉన్నట్టే, అంతమేరా కోసేయాలి. పాత పెయింటును పొడిగా గరుకు కాగితంతో రుద్దితే సీసం దుమ్ము ఊపిరిలోకి పోతుంది. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లకు 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. అందుకే పాత రంగును తడిపి రుద్దాలి, ముక్కుకు మాస్కుండాలి.

ఇటుకల్లో డంగు సున్నంతో కట్టినవే మేలు, తాపీ అంచుతో తట్టినా సున్నం ఊడొస్తుంది. సిమెంటు గోడవైతే ఇటుకే పగులుతుంది గానీ సిమెంటు వదలదు. ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నానబెట్టి మళ్లీ తూస్తే బరువు 20 శాతానికి మించి పెరగకూడదు. పెరిగితే బయటి గోడకూ బాత్‌రూమ్‌కూ పనికిరాదు. వంపులు సాగదీసిన పాత ఇనుప సలాకలు స్లాబులో, పిల్లర్లలో వేస్తామనే మేస్త్రి దొరికితే అతణ్ణే మార్చుకోవాలి.

అయితే ఇదంతా ఇల్లు విప్పితేగా! హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో చూడండి, పద్మారావు నగర్‌లో, మారేడ్‌పల్లిలో, బర్కత్‌పురలో పాత ఇల్లు కనబడితే చాలు ప్రొక్లెయినర్ దిగుతుంది. తలుపులు, ఇనుము కాంట్రాక్టరు పట్టుకుపోతాడు. షాబాద్ బండల్ని ముందే లేపాలన్న ఆలోచన ఎవరికీ ఉండదు, పైకప్పు వాటి మీదే పడుతుంది. మిగిలింది అర్ధరాత్రి టిప్పర్లో ఏ చెరువు ఒడ్డుకో! రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటి శిథిలాలొస్తే రకాలవారీగా విడదీసి ఇవ్వాలని నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలపై కేంద్రం తెచ్చిన 2016 నిబంధనల్లోనే చెప్పారు. కూల్చేచోట నిలబడి చూసిన అధికారి ఎవరైనా ఉన్నారా? జీడిమెట్ల, ఫతుల్లాగూడ ప్లాంట్లు శిథిలాలను పొడి చేసి కంకర, ఇసుక తీస్తున్నాయి, సంతోషం. ఎం25, అంతకంటే తక్కువ బలం గ్రేడు ఆర్‌సీసీలో (ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటులో) పాత కాంక్రీటు కంకర 20 శాతం దాకా కలపొచ్చని కంకర, ఇసుకల భారతీయ ప్రమాణం ఐఎస్ 383 కూడా ఒప్పుకుంది. కానీ నిక్షేపంలాంటి ఇటుకను పిండి చేసి, ఆ పిండితో మళ్లీ ఇటుక చేయడమేమిటి?

అధికారులను అని ఏం లాభం? నిన్న వేసిన ఫుట్‌పాత్ బండల్ని ఇవాళ కేబుల్ కోసం పగలగొట్టి, రేపు కొత్తవి తెచ్చి వేసేది వాళ్లే.

కూల్చివేతకు అనుమతిచ్చే కాగితంలో తలుపులు, దూలాలు, బండలు, ఇటుకలు విడిగా తీశారా లేదా అని ఒక్క గడి చేర్చి, తీయడానికి రెండు వారాల గడువిస్తే చాలు. ఆ గడి గీయడానికి ఏ కమిటీ వేయాలో, ఆ కమిటీ ఏ దేశం వెళ్లి చూసి రావాలో పెద్దలే తేల్చాలి.

– ఒక సివిల్ ఇంజనీరు, సికింద్రాబాద్