బతుకుదెరువుకు మూలం చెప్పండి

బతుకుదెరువు అనే మాట ఎలా పుట్టిందో పిల్లలకు బడిలో చెప్పడం లేదు. అమలాపురం వైపు పదో తరగతి పిల్లల్ని అడిగితే ‘ఉద్యోగం’ అన్నారు, విడదీయమంటే ఆగిపోయారు. బతుకు, తెరువు కలిసిన మాట ఇది, సమాసంలో ‘తె’ కాస్తా ‘దె’ అయింది. తెరువంటే దారి, బాటసారిని తెరువరి అనడం అందుకే. బతుకుకు పాత రూపం బ్రదుకు, కన్నడంలో నేటికీ బదుకే. కొబ్బరి పీచు తీసే ఆడవాళ్లు, రేవులో వల బాగుచేసుకునేవాళ్లు రోజూ అనే మాటను వదిలేసి నోటీసుల్లో జీవనోపాధి అనే రాస్తున్నారు. తెలుగు వాచకంలోని పదపట్టికలో ఇలాంటి మాటలకు అర్థంతోపాటు పుట్టుకా ఇవ్వాలి. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం ప్రతి హైస్కూలు లైబ్రరీలో, పిల్లల చేతికి అందేలా ఉంచాలి.

– ఒక పాఠకుడు, కోనసీమ