ప్లాటుకు విస్తీర్ణంతో పాటు ఆకారం కూడా చూడాలి

సంపాదకులకు,

నగరంలో భూమిని ఇళ్ల స్థలాలుగా విభజించేటప్పుడు ఏ ప్రమాణాలు పాటించాలన్న చర్చ చాలావరకు కనీస విస్తీర్ణం దగ్గరే ఆగిపోతుంది. నా దృష్టిలో ఇది పెద్ద లోపం. 10 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల లోతు ఉన్న ప్లాటు 200 చదరపు మీటర్లు. 5 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల లోతు ఉన్నదీ అంతే. రెండు పక్కలా మీటరున్నర చొప్పున ఖాళీ వదిలితే మొదటిదానిలో 7 మీటర్ల వెడల్పున ఇల్లు లేస్తుంది, రెండోదానిలో మిగిలేది 2 మీటర్లే. అందుకే అక్కడ ఎవరూ ఖాళీ వదలరు. గోడకు గోడ ఆనించి చివరిదాకా కట్టేస్తారు, మధ్య గదులు పగలు కూడా చీకటిగానే ఉంటాయి.

న్యూయార్క్‌లో సరిగ్గా ఇదే జరిగింది. అక్కడ 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు ఉన్న ప్లాట్లు వాడుకగా స్థిరపడ్డాయి. వాటి మీద స్థలమంతా ఆక్రమించి లేచిన అద్దె భవనాల్లో లోపలి గదులకు కిటికీలే ఉండేవి కావు. ప్రతి గదికీ కిటికీ ఉండాలని 1879లో చట్టం చేస్తే, కట్టేవారు రెండు భవనాల మధ్య సన్నని గాలి గొట్టం లాంటి సందు వదిలి సరిపెట్టారు. పెద్ద ఆవరణ తప్పనిసరి చేస్తూ 1901లో మరో చట్టం తెచ్చాక, ఒకే ఇరుకు ప్లాటులో అద్దె భవనం కట్టడం గిట్టుబాటు కాక పక్కపక్క ప్లాట్లను కలుపుకోవలసి వచ్చింది. హద్దులు గీసిన రోజు చేసిన పొరపాటును సరిదిద్దడానికి తరాలు పట్టింది.

ఇరుకు ప్లాట్లే వద్దని నేను అనడం లేదు. తక్కువ ఆదాయం ఉన్నవారికి అవి అవసరం. ఉమ్మడి గోడలతో వరస ఇళ్లు కట్టేందుకే వాటిని ఉద్దేశించి, ముందూ వెనకా వెలుతురు అందేలా లోతును పరిమితం చేస్తే అక్కడ చక్కగా బతకవచ్చు. లోతు వెడల్పుకు రెండున్నర లేదా మూడు రెట్లు మించరాదని, పక్క హద్దులు వీధికి వీలైనంతవరకు లంబంగా ఉండాలని పలు నగరాల నిబంధనలు చెబుతున్నది ఇందుకే.

మూల ప్లాటు సంగతి మరీ నిర్లక్ష్యానికి గురవుతోంది. దానికి రెండు వైపులా వీధి ఉంటుంది కనుక పక్క వీధి వైపు కూడా, ఉదాహరణకు, 3 మీటర్లు వదలవలసి వస్తే, రెండో పక్క మీటరున్నర కూడా పోను 10 మీటర్ల వెడల్పులో ఇంటికి మిగిలేది ఐదున్నర మీటర్లే. మూలలో ఎదురుగా వచ్చే వాహనం కనిపించడానికి ప్రహరీని కోసి కట్టాలి, అక్కడా కొంత స్థలం పోతుంది. కాబట్టి మూల ప్లాటును మొదటే వెడల్పుగా గీయడం న్యాయం.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది నీటి పారుదల. లేఅవుట్ గీసేవారు నేల వాలును పక్కనబెట్టి గళ్లు గీస్తే, ఎగువ ప్లాట్ల వాననీరు దిగువ ఇళ్ల పెరళ్లలోకి చేరుతుంది. ఆ తరువాత ఎవరికి వారు మట్టి పోసి నేల ఎత్తు పెంచుకోవడం, పక్కవారు మునగడం, తగాదాలు కోర్టులకెక్కడం మామూలే. నీరు సహజంగా పారే దారిని ప్లాట్ల మధ్య నుంచి కాకుండా వీధి వెంట గానీ, వెనక హద్దు వెంట ఎవరూ కట్టడానికి వీల్లేని పట్టీగా గానీ ముందే కేటాయించాలి. ఆ పట్టీ ఎవరి బాధ్యతో దస్తావేజులోనే రాయాలి.

ప్రతి ప్లాటులోనూ చుట్టూ ఖాళీలు వదిలాక ఇల్లు కట్టగలిగే భాగం ఎంతో, వాననీరు ఎటు పోతుందో నక్షా మీద గీసి చూపితే తప్ప లేఅవుట్‌కు అనుమతి ఇవ్వకూడదని, ఆ నక్షా కొనేవారికి కూడా ఇవ్వాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు