వాణ్ని "ఎందుకు" అని కాదు, "ఎక్కడ" అని అడుగు

తెనాలి,
గురువారం

చిరంజీవి అమ్మలుకి,

అమ్మ ఆశీస్సులు. నువ్వు ఫోన్లో బాబు గురించి చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని చూశాను. సోమవారం పొద్దున కడుపునొప్పి, ఆదివారం పొద్దున లేదు. బడి నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా బాత్రూమ్‌లోకి పరుగు. నీళ్ళ సీసా నింపింది నింపినట్టే తిరిగి రావడం. రెండు నెలల్లో మూడు జామెట్రీ బాక్సులు పోవడం. చెల్లెలి మీద చెయ్యి చేసుకోవడం. విడివిడిగా చూస్తే ఒక్కోదానికీ ఒక్కో కారణం దొరుకుతుంది. అన్నీ ఒక్కచోట పెట్టి చూస్తే, బడిలో ఎవరో వాణ్ని ఏడిపిస్తున్నారేమోనని అనుమానించాల్సిందే.

నాకు అన్నిటికంటే నీళ్ళ సీసా గురించే బెంగగా ఉంది. బడిలో పెద్దవాళ్ళ కన్ను పడని చోటు మరుగుదొడ్డి. అక్కడ ఎవరైనా పట్టుకుని ఆటపట్టిస్తుంటే పిల్లలు అటు వెళ్ళడం మానేస్తారు. వెళ్ళాల్సిన అవసరం రాకుండా నీళ్ళు తాగడమే మానేస్తారు. కడుపునొప్పి నటన అనుకోకు. భయానికి కడుపు నిజంగానే నొప్పి పెడుతుంది. ఈ వారంలోనే ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించు, మూత్రం ఆపుకుంటున్నాడేమో అన్న సంగతి కూడా చెప్పు.

పిల్లలన్నాక పోట్లాడుకోరా అని అల్లుడుగారు అన్నారన్నావు. పోట్లాట వేరు, ఇది వేరు. నార్వేలో ఈ విషయం మీద దశాబ్దాల పాటు పనిచేసిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వియస్ మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చెయ్యడం, మళ్ళీ మళ్ళీ చెయ్యడం, ఇద్దరి బలం సమానంగా లేకపోవడం. బలమంటే కండబలం ఒక్కటే కాదు. అవతల నలుగురుండి ఇవతల ఒక్కడే ఉండొచ్చు, అవతలివాడు క్లాస్ లీడర్ కావొచ్చు, ఇవతలివాడు ఈ ఏడాదే చేరిన కొత్తవాడు కావొచ్చు. మనవాడు తెనాలి మాట తీసుకుని హైదరాబాద్ బడికి వెళ్ళాడు. యాసని వెక్కిరించడం, కళ్ళద్దాలకి "సోడాబుడ్డి" అని పేరు పెట్టడం, ఆటకి పిలవకపోవడం, క్లాసంతా కలిసి కటీఫ్ చెప్పడం, ఇవేవీ ఒంటి మీద మచ్చ మిగల్చవు. రోజూ జరిగితే దెబ్బకంటే తక్కువేమీ కాదు.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, రెండింటికీ మందు ఒకటి కాదు. పోట్లాట అయితే ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చెయ్యొచ్చు. వేధింపులో రాజీ పనిచెయ్యదు. ఇద్దరిచేతా చేతులు కలిపించి "ఇక ఫ్రెండ్స్ అయిపోండి" అంటే, బలమున్నవాడు అక్కడ నవ్వి మెట్ల దగ్గర బదులు తీర్చుకుంటాడు. బడివాళ్ళు ఎక్కువగా చేసేది ఈ పనే. వద్దని ముందే చెప్పాలి.

ఇప్పుడు వాడి చేత మాట్లాడించడం. ఎదురుగా కూర్చోబెట్టి కళ్ళలోకి చూస్తూ "ఏం జరుగుతోందో చెప్పు" అంటే ఏ పిల్లాడూ చెప్పడు. చేతులకి పనున్నప్పుడు అడుగు. చిక్కుడుకాయలు ఒలుస్తూనో, బట్టలు మడతపెడుతూనో, బండి మీద వెనక కూర్చోబెట్టుకుని వెళ్తూనో. "నిన్నే ఎందుకు ఏడిపిస్తున్నారు?" అని మాత్రం అడక్కు. ఆ ప్రశ్నలో తప్పు వాడిదే అన్న మాట దాగుంది, పిల్లలకి అది వెంటనే తగులుతుంది. "బస్సులో ఎవరి పక్కన కూర్చుంటావు? ఇంటర్వెల్లో ఎక్కడుంటావు? మీ క్లాసులో ఎవర్ని ఎక్కువ ఏడిపిస్తారు?" ఇలా అడుగు. మొదట వేరే పిల్లాడి సంగతే చెప్తాడు. చెప్పనీ.

తర్వాత ఒక తెల్లకాగితం ఇచ్చి బడి బొమ్మ గియ్యమను. గేటు, బస్సు, మెట్లు, క్లాసు, కారిడార్, మరుగుదొడ్లు, గ్రౌండు, భోజనం చేసే చోటు. ధైర్యంగా ఉండే చోటికి ఆకుపచ్చ, అదోలా ఉండే చోటికి పసుపు, వెళ్ళబుద్ధి కాని చోటికి ఎరుపు రంగు వెయ్యమను. ఎర్ర రంగు పడ్డ ప్రతి చోటా ఏ టైములో అలా ఉంటుందో రాయించు. పేర్లు చెప్పడానికి జంకే పిల్లలు కూడా చోట్లు చెప్పేస్తారు. నిజానికి మనకి కావలసింది కూడా అదే. ఏడిపించేవాళ్ళ మనసు మార్చడం మన చేతిలో లేదు. 11 గంటల ఇంటర్వెల్లో ఆ మెట్ల దగ్గర ఒక టీచర్ నిలబడేలా చెయ్యడం మన చేతిలో ఉంది.

వాడు నోరు విప్పిన రోజు మొదట నీ నోటివెంట రావాల్సినవి మూడు మాటలు: "చెప్పి మంచి పని చేశావు. తప్పు నీది కాదు. నీకు చెప్పకుండా నేనేమీ చెయ్యను." అక్కడ ఆగు. ఏడవకు, అరవకు, ఆ క్షణంలో టీచర్‌కి ఫోన్ చెయ్యకు. "మిస్‌కి చెప్పొద్దమ్మా" అని బతిమాలతాడు. చెప్పనని ఒట్టు వెయ్యొద్దు, తర్వాత ఒట్టు తప్పితే మళ్ళీ నీకేదీ చెప్పడు. "చెప్పాల్సి రావొచ్చు. కానీ ఎవరికి, ఏమని, ఎప్పుడు చెప్తానో ముందు నీకే చెప్తాను" అను.

ఫోన్ లాక్కోవద్దు. వాట్సాప్ గ్రూపులో తన ఫొటోకి బొమ్మలు అతికించి నవ్వుతున్నారని చెప్తే ఫోన్ పోతుందన్న భయంతోనే చాలామంది పిల్లలు నోరు మెదపరు. గ్రూపులోంచి బయటికి రాకముందే స్క్రీన్‌షాట్లు తీసుకో. పంపినవాళ్ళ పేరు, తేదీ, టైము అందులో పడాలి. మాయమైపోయే మెసేజ్ అయితే ఇంకో ఫోన్‌తో ఫొటో తియ్యి. జవాబు రాయొద్దు, చాట్ చెరపొద్దు. ఒక్క సందర్భం వేరు: ఏ పిల్లాడిదైనా, పిల్లదైనా బట్టల్లేని ఫొటో తిరుగుతుంటే దాన్ని కాపీ చెయ్యకు, ఎవరికీ పంపకు, సాక్ష్యం కోసమని కూడా. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాలి.

ఒక నోటుబుక్కు కేటాయించు. తేదీ, టైము, చోటు, అన్న మాట అన్నట్టుగా, చూసినవాళ్ళెవరు, పెద్దవాళ్ళకి ఎవరికైనా చెప్పాడా, వాళ్ళేమన్నారు. బూతైతే బూతే రాయి, సర్దకు. "అసభ్యంగా తిట్టారు" అని రాస్తే బడివాళ్ళ దృష్టిలో అది చిన్నదైపోతుంది. కమిలిన చోట ఆ రోజూ మర్నాడూ ఫొటో తియ్యి, రెండో రోజుకి రంగు ఇంకా తేలుతుంది.

అల్లుడుగారికి ఇది చదివి వినిపించు. బస్‌స్టాప్ దగ్గరికెళ్ళి ఆ పిల్లల్ని నాలుగు మాటలంటానని అంటున్నారట. ఆయన కోపం నాకర్థమవుతుంది, కానీ అలా చేస్తే మర్నాటికల్లా "ఒక పెద్దాయన మా పిల్లాణ్ని బెదిరించాడు" అన్న ఫిర్యాదు వస్తుంది, మన సంగతి వెనక్కి పోతుంది. ఆ తల్లిదండ్రులకి ఫోన్ చెయ్యడం, పేరెంట్స్ గ్రూపులో పెట్టడం కూడా వద్దు. "తిరిగి కొట్టు" అని వాడికి నేర్పొద్దు. మొదటి దెబ్బ ఎవరూ చూడరు, తిరిగి కొట్టిన దెబ్బే అందరికీ కనిపిస్తుంది. "పట్టించుకోకు" అన్న సలహా ఇంకా చెడ్డది. పిల్లాడికి అది "నాకు చెప్పకు" అన్నట్టే వినిపిస్తుంది.

ఆయన కోపానికి పనికొచ్చే పని ఒకటుంది. రాత్రిపూట పది నిమిషాలు ఆయన ఏడిపించేవాడి వేషం వెయ్యాలి. వాడు నిటారుగా నిలబడి, మామూలు గొంతుతో "ఆపు. నాకు నచ్చలేదు" అని, వెనక్కి తిరిగి జనం ఉన్నవైపు నడవాలి. నవ్వకూడదు. బెదిరిపోయినప్పుడు పిల్లలకి తెలియకుండానే నవ్వు వస్తుంది, చూసేవాళ్ళు అది సరదా అనుకుంటారు. నోటికి అలవాటయ్యేదాకా చేయించండి. బరువంతా దీని మీద పెట్టొద్దు. నలుగురు చుట్టుముడితే ఏ మాటా పనిచెయ్యదు, అప్పుడు వాడి పని అక్కణ్ణుంచి బయటపడి పెద్దవాళ్ళ దగ్గరికి చేరడమే. ఏడుపొచ్చినా ఫరవాలేదని చెప్పు.

బడికి మాటగా కాదు, కాగితంగా వెళ్ళు. ముందు క్లాస్ టీచర్‌కి, కాపీ ప్రిన్సిపాల్‌కి. ఇలా రాయి: "మా బాబు ఏడో తరగతి చదువుతున్నాడు. ఫలానా తేదీల్లో, స్కూల్ బస్సు వెనక సీట్లలో, 11 గంటల ఇంటర్వెల్లో రెండో అంతస్తు మరుగుదొడ్డి దగ్గర ఈ కింది సంఘటనలు జరిగాయి. దయచేసి ఈ నాలుగు పనులు చెయ్యండి." ఆ నాలుగూ ఇవి: బస్సులో ఆ పిల్లల్ని ముందు సీట్లలోకి మార్చడం, ఆ చోట ఆ టైములో ఒక టీచర్ ఉండటం, బాబు ఎప్పుడైనా వెళ్ళి చెప్పుకోగల ఒక టీచర్ ఎవరో చెప్పడం, వారం తర్వాత ఏం చేశారో మాట్లాడటానికి తేదీ ఇవ్వడం. మార్చాల్సింది ఏడిపించినవాళ్ళ సీటు, మనవాడిది కాదు. వాణ్ని తీసుకెళ్ళి డ్రైవర్ వెనక కూర్చోబెడితే శిక్ష వాడికే పడినట్టు. అందరి ముందూ లేపి "నిన్నెవరు కొట్టారు?" అని అడగొద్దనీ, పిల్లల్ని విడివిడిగా విచారించమనీ కూడా రాయి. అందినట్టు సంతకం తీసుకో.

ఫిర్యాదు ఇచ్చిన మర్నాటి నుంచి రెండు వారాలు చాలా జాగ్రత్తగా ఉండాలి. "చెప్పేశావు కదూ" అని పగబట్టేది అప్పుడే. చాలా ఇళ్ళల్లో ఇక్కడే వెనక్కి తగ్గుతారు, అనవసరంగా చెప్పామని బాధపడతారు. తగ్గొద్దు. అది కూడా నోటుబుక్కులో రాసి మళ్ళీ పట్టుకెళ్ళు. మీది సీబీఎస్‌ఈ బడి కాబట్టి యాంటీ బుల్లీయింగ్ కమిటీ, అంటే వేధింపుల్ని అరికట్టే కమిటీ, గురించి అడుగు, అలాంటిది ఉండాలని బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. బడి కదలకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి రాయొచ్చు. పిల్లలకి ఆపదగా ఉన్నప్పుడు చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉండనే ఉంది. ఒకవేళ ఏడిపించేది టీచరే అయితే దారి వేరు: 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. అప్పుడు నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికే వెళ్ళాలి.

ఒక్క స్నేహితుణ్ని సంపాదించి పెట్టు. కెనడాలో బడి ఆటస్థలాల్లో వీడియోలు తీసి 2001లో అచ్చువేసిన అధ్యయనం ఒకటుంది. పక్కనున్న పిల్లలు కల్పించుకున్నప్పుడు సగానికి పైగా సందర్భాల్లో, 57 శాతం, పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. ఆ స్నేహితుడు ఎవరితోనూ కొట్లాడక్కర్లేదు. "రారా, మనం వెళ్దాం" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోతే చాలు. బస్సులో మీ స్టాపు నుంచే ఎక్కే పిల్లలెవరైనా ఉంటే ఆదివారం వాళ్ళమ్మతో సహా టిఫిన్‌కి పిలువు. దోసెలు పొయ్యి, క్యారమ్ బోర్డు బయటికి తియ్యి.

చెల్లిని కొట్టినప్పుడు ఊరుకోవద్దు. బడిలో తనకి జరుగుతోందని ఇంట్లో దాని మీద చూపించనివ్వకూడదు. "ఇంట్లో ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తరు" అని అప్పుడే చెప్పి, తర్వాత వాణ్ని దగ్గరికి తీసుకో.

ఇంకొకటి, రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాయాలి. "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట అన్నా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా, ఒంటి మీద గీసుకున్న గుర్తులు కనిపించినా తిన్నగా అడుగు: "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. అవునంటే వాణ్ని ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ఇప్పుడే ఫోన్లో వేసి పెట్టుకో.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తాను. వాడు బొమ్మ గీసి ఉంటే నాకు చూపించాలని నీకనిపిస్తుంది. ముందు వాణ్నడుగు. వద్దంటే పంపకు.

అమ్మ