పన్నెండు ఫైబర్లలో ఒక్క నలుసు

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో గూగుల్ డేటా సెంటర్ వస్తోందన్న వార్త చదివిన దగ్గర్నుంచి ఊరివాళ్ల ఫోన్లు ఆగడం లేదు. "మావాడు ఐటీఐ చేశాడు, ఫైబర్ పని దొరుకుతుందా?" అని అడుగుతున్నారు. చెన్నై అంబత్తూరులో పదకొండేళ్లుగా నా పని కేబులింగే మరి. దొరుకుతుంది. కానీ చదువులో నేర్పేది ఒకటి, ఇక్కడ చేతికొచ్చేది మరొకటి.

నాకు ఒక్కో ఫైబర్‌ను, అంటే సన్నటి గాజు పోగును, స్ప్లైస్ చేయడమే (కరిగించి అతికించడమే) నేర్పారు. సర్వర్ హాల్లో చేతికిచ్చేది ఎంపీవో కనెక్టర్, చాలా ఫైబర్లను ఒకేసారి కలిపే ప్లగ్గు. చిటికెన వేలి గోరంత కూడా లేని దాని ముఖం మీద 12 ఫైబర్లు వరసగా ఉంటాయి. 16, 24 ఉన్నవీ వస్తున్నాయి. ఒక్కోదాంట్లో వెలుతురు పోయే దారి 9 మైక్రాన్లు. తల వెంట్రుక అంతకు ఏడెనిమిది రెట్లు లావు.

మొన్న వానల్లో ఒక రాత్రి 400జీ (సెకనుకు 400 గిగాబిట్ల) లింక్ రాలేదు. కావలి నుంచి వచ్చిన కొత్త కుర్రాడు కార్డు (రెండు కొసలా ప్లగ్గులున్న ఫైబర్ తీగ) మార్చాడు, అది దూరే ట్రాన్సీవర్ (కరెంటు సంకేతాన్ని వెలుతురుగా, వెలుతురును సంకేతంగా మార్చే పెట్టె) మార్చాడు. మూడింటికి నన్ను లేపారు. ఫైబర్ కొసను పెద్దది చేసి చూపే స్కోప్‌లో చూస్తే రెండో ఫైబర్ నడిమధ్యన నువ్వుగింజలా మచ్చ.

"తుడిచావా?"

"తుడిచానన్నా."

"దేంతో?"

చొక్కా కొస చూపించాడు. తిట్టబుద్ధి కాలేదు. మొదటి ఏడాది నేనూ అదే చేశాను.

ఆ లింక్‌కి పన్నెండు ఫైబర్లలో ఎనిమిదే పనిచేస్తాయి, అటు నాలుగు ఇటు నాలుగు. వాటిలో ఒక్కటి పోయినా మొత్తం 400జీ పడిపోతుంది. పైగా ఒకదాని మీది దుమ్ము పక్కవాటినీ సరిగ్గా ఆననివ్వదు. రెండు ముఖాలనూ సూటిగా కలిపే పిన్నుల గొడవ వేరే. ట్రాన్సీవర్‌లో పిన్నులుంటాయి కాబట్టి కార్డుకు బెజ్జాలే ఉండాలి. పిన్నులున్న కార్డును బలంగా తోస్తే రెండూ పాడవుతాయి.

మా కాంట్రాక్టర్ దగ్గర ఇరవై మందికి ఒక్కటే స్కోప్. అదీ సూపర్‌వైజర్ బీరువాలో, తాళం వేసి!

ఐటీఐ, పాలిటెక్నిక్ ప్రిన్సిపాళ్లకు నా మనవి ఒక్కటే. స్కోప్‌లో చూడడం, తుడవడం, మళ్లీ చూసి అప్పుడు పెట్టడం పిల్లల చేత చేయించండి. గీతలు పడి పారేసిన ఎంపీవో కొసలు నా దగ్గర అరడజను ఉన్నాయి. పాఠానికి పనికొస్తాయంటే పంపిస్తాను, కొరియర్ ఖర్చు నాదే.

ఇట్లు,
ఒక కేబులింగ్ టెక్నీషియన్,
అంబత్తూరు, చెన్నై